ఈసాకు గుడారంలో మూడవ మనిషి



ఆదికాండము 27వ అధ్యాయాన్ని మనం ఎప్పుడూ యాకోబు పక్షాన నిలబడి చదువుతాం. దైవసంకల్పం అతనిలో నెరవేరింది కదా అని, ఆ రోజు గుడారంలో జరిగిన పనిని తేలిగ్గా దాటిపోతాం. ఈ వారం ఒక్కసారి ఆ ముసలి తండ్రి మంచం పక్కన కూర్చుని ఆ అధ్యాయం చదవండి. ఈసాకుకు చూపు పోయింది. చావు దగ్గరపడిందని తానే అనుకుంటున్నాడు. కట్టుకున్న భార్య, కన్న కొడుకు ముందుగా మాట్లాడుకున్నారు. ఆయనకిష్టమైన మాంసం వండారు. పెద్దవాడి బట్టలు చిన్నవాడికి తొడిగి, చేతులకు మేకపిల్లల తోలు చుట్టి లోపలికి పంపారు. ముసలాయనకు అనుమానం రాకపోలేదు. గొంతు విని సందేహించాడు, దగ్గరకు పిలిచి తడిమి చూశాడు, నిజంగా పెద్దవాడివేనా అని మళ్ళీ అడిగాడు. అడిగింది ఎవరిని? మోసం చేస్తున్నవాడినే. ఎందుకంటే ఆ గుడారంలో అడగడానికి మూడవ మనిషి లేడు.

కాసేపటికి అసలు పెద్దకొడుకు వచ్చాడు. జరిగింది తెలిసి ఈసాకు గడగడ వణికిపోయాడు. అయినా నోట వెలువడిన దీవెన వెనక్కి రాలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో పడిన వేలిముద్ర కూడా అంత సులభంగా వెనక్కి రాదు. ఆ సంగతి నేను పుస్తకాల్లో కాదు, ఒక తల్లి వల్ల తెలుసుకున్నాను. ఆ కథలో నాకూ పాత్ర ఉంది గనుకనే ఈ వారం ఈ శీర్షికను అందుకు వాడుకుంటున్నాను.

సుమారు పన్నెండేళ్ళ క్రితం నేను డెల్టాలోని ఒక విచారణలో ఉండగా జరిగింది ఇది. ఆమె నాకు చెప్పినది పాపసంకీర్తనంలో చెప్పింది కాదు, గుడి వసారాలో చెప్పింది. ఇప్పుడు ఆమె ప్రభువు సన్నిధిలో ఉంది. ఊరు, పేరు మీకు అనవసరం. భర్త పోయాక ఆమెకు ఎకరంన్నర పొలం, ఒక పెంకుటిల్లు మిగిలాయి. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఒక ఆదివారం పూజ అయ్యాక ఆగి, "ఫాదరుగారూ, అబ్బాయిలు పొలం, ఇల్లు వాళ్ళ పేర రాసెయ్యమంటున్నారు. ఏం చెయ్యమంటారు?" అని అడిగింది. నాకు ఆ రోజు ఇంకో ఊళ్ళో పూజ ఉంది. మోటారు సైకిలు స్టార్టు చేసి ఉంచాను కూడా. "కన్నబిడ్డలేగా అమ్మా, ఎప్పటికైనా వాళ్ళదేగా. రాసిచ్చేసి ప్రశాంతంగా జపమాల చెప్పుకోండి" అన్నాను. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. ఆ తల ఊపడాన్ని నేను సమ్మతి అనుకున్నాను.

ఆరునెలలు తిరగకముందే గుడిలో ఆమె కూర్చునే చోటు ఖాళీ అయింది. కాళ్ళ నొప్పులన్నారు. మొదటి శుక్రవారాల్లో దివ్యసత్ప్రసాదం తీసుకుని వెళ్ళేవాణ్ణి. మంచం ఇంట్లోంచి పశువుల పాక పక్క గదిలోకి మారింది. గాలి బాగా తగులుతుందని అన్నారు. నేను వెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడే ఉండేవారు. నా చేతిలో ఇద్దరికీ చాలినంత సమయం ఉండేది, అయినా ఒక్కసారి కూడా ఆమెతో ఒంటరిగా మాట్లాడలేదు. ఒకసారి ఇచ్చిన అరటిపండు సగం తిని, మిగతా సగం చీర కుచ్చిళ్ళలో దోపుకోవడం చూశాను. ముసలితనపు చాదస్తం అనుకున్నాను. ఆకలిగా ఉన్న మనిషి రాత్రికి దాచుకుంటోందని నాకు తట్టలేదు.

తట్టింది మా ఉపదేశిగారి భార్యకు. ఒకరోజు కోడలు ఊళ్ళో లేనప్పుడు వెళ్ళి, "పిన్నీ, తలంటి పోస్తాను" అని నీళ్ళు పెట్టింది. జబ్బల మీద కమిలిన గుర్తులు కనిపించాయి. అప్పుడు నెమ్మదిగా అడిగితే ఒక్కొక్కటీ బయటపడింది. పూటకొక ముద్ద. నెలనెలా వచ్చే రెండు వందల పింఛను వచ్చినరోజే ఎవరో పట్టుకుపోవడం. కూతురు ఫోను చేస్తే నిద్రపోతోందని చెప్పడం. గుడికి వస్తానంటే, "ఫాదరుగారికి చాడీలు చెప్పడానికా?" అని కసరడం. అన్నీ చెప్పి చివర ఆ తల్లి, "ఇవేవీ ఫాదరుగారికి చెప్పకమ్మా, రాసిచ్చెయ్యమని ఆయనే అన్నారు" అందట.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిలు నీతిశాస్త్రంలోని తుఫాను ఉదాహరణ మీద వ్యాసం రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. తుఫానులో చిక్కిన ఓడలోని సరుకును ఓడవాళ్ళు తమ చేతులతోనే సముద్రంలో పారేస్తారు. ఎవరూ వాళ్ళ చెయ్యి పట్టుకుని పారేయించలేదు. అలాగని ఇష్టపడి పారేశారనగలమా? తుఫాను లేని రోజున ఏ వర్తకుడూ అలా చెయ్యడు గదా. అందుకే అట్టి పనిని పూర్తిగా ఇష్టపూర్వకమనీ అనలేం, పూర్తిగా బలవంతమనీ అనలేం అంటాడు ఆ తత్త్వవేత్త. పునీత థామస్ అక్వినాసు గారు కూడా ఈ ప్రశ్నను మళ్ళీ చేపట్టి చర్చించారు. ఇంత చదివిన నేను, "మా అమ్మ మనస్ఫూర్తిగానే రాసింది ఫాదర్, కావాలంటే సాక్షి సంతకాలు చూడండి" అని కొడుకులంటే నిజమే కాబోలు అనుకున్నాను. ఇంట్లో ఎవరూ పలకరించకపోవడం, మనవల్ని దగ్గరికి రానివ్వకపోవడం, రేపు మంచాన పడితే చూసేదెవరన్న భయం, ఇవన్నీ కలిసి తుఫాను. ఆ తుఫానులో ఆమె ఎకరంన్నర పొలాన్ని విసిరేసింది. గుడికి వచ్చి నన్ను అడిగిన రోజున ఓడ ఇంకా మునగలేదు. ఆమెకు కావలసిందల్లా, "ఆగండమ్మా, కూర్చుని మాట్లాడదాం" అనే మూడవ మనిషి.

మన ఊళ్ళలో ఈ మూడవ మనిషి రాకుండా అడ్డంపడే మాట ఒకటుంది. ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు. ఈ సామెత ఎవరికి పనికొస్తోందో గమనించండి. దెబ్బలు తిన్న ముసలమ్మ నోట ఇది వినిపిస్తుంది, నిజమే. కాని ఆమెకు నేర్పింది మాత్రం కొట్టినవాళ్ళే. పరువు పోతుందంటారు. తల్లికి అన్నం పెట్టని ఇంటికి పోవడానికి మిగిలిన పరువేమిటో నాకు అర్థం కాదు.

కొందరు పవిత్ర గ్రంథాన్నే అడ్డుపెడతారు. విశ్వాసి మీద విశ్వాసి న్యాయస్థానానికి వెళ్ళరాదని పౌలుగారు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 6వ అధ్యాయంలో చెప్పలేదా అని. చెప్పారు. ఆ అధ్యాయాన్నే ఇంకాస్త చదవండి. సోదరుల మధ్య తీర్పు చెప్పగల తెలివైనవాడు మీలో ఒక్కడైనా లేడా అని సిగ్గుపరుస్తారు. సొంత సోదరులనే మోసం చేస్తున్నారని గద్దిస్తారు. అంటే విచారణలో పెద్దలు ముందు తమ పని తాము చెయ్యాలి. అది చెయ్యకుండా బాధితురాలిని నోరు మూసుకోమనడానికి పౌలుగారి పేరు వాడుకోరాదు. పైగా తనకు న్యాయం దొరకదని తోచినప్పుడు ఆ పౌలుగారే కైసరు ఎదుట చెప్పుకుంటానన్నారు గదా, అపోస్తలుల కార్యములు 25వ అధ్యాయం చూడండి.

మరికొందరం, అందులో గురువులం ఎక్కువ, శిలువను మోయమని చెబుతాం. క్రీస్తునాథుడు తన శిలువను తాను ఎత్తుకున్నాడు. ఇతరుల భుజాల మీద శిలువ ఎత్తిపెట్టి పుణ్యం వస్తుందని బోధించే అధికారం మనకెవరూ ఇవ్వలేదు. తల్లిదండ్రులకు చెందవలసినదాన్ని కొర్బాను, అంటే దేవునికి అర్పితం, అని చెప్పి ఎగవేసే ఆచారాన్ని ప్రభువు ఎంత కటువుగా ఖండించాడో మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఉంది. నాలుగవ దైవాజ్ఞను భక్తి పేరుతో కొట్టివేసేవాళ్ళ మీద ఆయనకు వచ్చిన కోపం అది. ముసలివాళ్ళకు ఓర్పును మాత్రమే బోధించి ఊరుకునే మా ప్రసంగాలు కూడా ఆ కొర్బాను కిందికే వస్తాయేమోనని నా భయం.

ఆ తల్లి విషయంలో తర్వాత ఏమైందో చెబుతాను, ఎందుకంటే ఇందులో మీకు పనికొచ్చే సంగతులున్నాయి. ముందు ఉపదేశిగారు, ఇద్దరు పెద్దలు, నేను కొడుకులతో రెండుసార్లు కూర్చున్నాం. రెండుసార్లూ మాట ఇచ్చారు, రెండుసార్లూ తప్పారు. అప్పుడు కూతుర్ని పిలిపించి, ఆర్డీవో గారి కార్యాలయంలో దరఖాస్తు పెట్టించాం. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం అని 2007లో కేంద్రం చేసిన చట్టం ఒకటుంది. దాని ప్రకారం ఏర్పడిన ట్రిబ్యునలుకు మన వైపు ఆర్డీవోలే అధికారులు. కోర్టు మెట్లెక్కాలని గాని, వకీలును పెట్టుకోవాలని గాని లేదు. తమను తాము పోషించుకోలేని తల్లి గాని తండ్రి గాని, 60 ఏళ్ళు నిండిన వృద్ధులు గాని దరఖాస్తు ఇవ్వవచ్చు. కొడుకుల మీదనే కాదు, కూతుళ్ళ మీద, వయసొచ్చిన మనవలు, మనవరాళ్ళ మీద కూడా. బిడ్డలు లేనివారైతే, వారి ఆస్తిని అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువుల మీద. తాము వెళ్ళలేని స్థితిలో ఉంటే, తాము నియమించిన మరో వ్యక్తి చేతగాని, సంస్థ చేతగాని పెట్టించవచ్చు. ఈ ఒక్క వాక్యం మన పునీత విన్సెంటు డి పాల్ సభవారు, మరియదళంవారు గుర్తుంచుకోవాలి. ఆ మరో వ్యక్తి మీరే కావచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని, తప్పనిసరైతే మరో 30 రోజులు పొడిగించవచ్చని చట్టం చెబుతోంది. మాకు ఇంకొన్ని ఎక్కువే పట్టాయి. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. వృద్ధుల్ని పోషించవలసినవారే ఎక్కడో వదిలేస్తే మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

ఆమెకు నెలనెలా ఇద్దరు కొడుకులూ సమంగా డబ్బు కట్టేలా ఉత్తరువు వచ్చింది. కాని పొలం రాలేదు. ఆ చట్టం 23వ సెక్షనులో, నన్ను చూసుకోవాలి అన్న షరతుతో ఆస్తి రాసిచ్చి, పుచ్చుకున్నవారు చూసుకోకపోతే ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చని ఉంది. ఈమె దస్తావేజులో ప్రేమాభిమానాల చేత ఇస్తున్నానని రాయించారే గాని, షరతు ఒక్క ముక్క లేదు. రాసే రోజున ఆ ఒక్క వాక్యం పెట్టించమని చెప్పేవాళ్ళు లేకపోయారు. తర్వాత 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా, ఈ సెక్షను వర్తించాలంటే అట్టి షరతు ఉన్నట్టు రుజువు కావాలని తీర్పు చెప్పింది. 2025 జనవరిలో మరో తీర్పులో, ఇది వృద్ధుల మేలు కోరి చేసిన చట్టం గనుక ఉదారంగా అర్థం చెప్పాలని, ఆస్తిని తిరిగి స్వాధీనం చేయించే అధికారం ట్రిబ్యునలుకు ఉందని చెప్పింది. అక్కడ తల్లిని చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన కాగితం ఉంది. అందుచేత కాగితం మీద ఏముందన్నది చిన్న విషయం కాదు.

ఇక్కడ సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 33వ అధ్యాయం తెరవండి. మన ప్రొటెస్టెంటు సోదరుల బైబులులో ఈ గ్రంథం లేదు. ఈ ఒక్క సలహా కోసమైనా వాళ్ళకు అరువివ్వాలనిపిస్తుంది నాకు. క్రీస్తుకు దాదాపు రెండు వందల ఏళ్ళ ముందు యెరూషలేములో యువకులకు చదువు చెప్పిన ఆ పెద్దాయన చెప్పిందేమిటంటే, ప్రాణం ఉన్నంతవరకు కొడుకుకు గాని, భార్యకు గాని, సోదరునికి గాని, స్నేహితునికి గాని నీ మీద పెత్తనం ఇవ్వవద్దు, ఆస్తి ముందే పంచేసి ఆనక వాళ్ళ చేతుల వంక చూసే స్థితి తెచ్చుకోవద్దు, పంపకం చివరి ఘడియకు ఉంచుకో అని. బిడ్డల మీద అనుమానంతో చెప్పిన మాట కాదిది. బిడ్డలను శోధనలో పడనివ్వవద్దన్న మాట. వీలునామా రాస్తే బతికున్నంతకాలం మార్చుకోవచ్చు. దాన సెటిల్మెంటు రిజిస్టరు అయితే హక్కు ఆనాడే మారిపోతుంది. తప్పదనుకుంటే జీవితాంతం అనుభవించే హక్కు మీకే ఉంచుకుని, అన్నం, మందులు, ఉండే గది చూసుకోవాలని షరతు రాయించి, ఆ కాగితాన్ని సంతకానికి ముందు బయటి మనిషితో చదివించుకోండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయసహాయం దొరుకుతుంది. ఈ సంగతి మన తల్లులు చాలామందికి తెలియదు.

పింఛను మాట కూడా చెప్పాలి. ఆనాటి రెండు వందలకే అంత జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధులకు చేతికందుతున్నది నాలుగు వేలు. వేలిముద్ర అమ్మది, డబ్బు ఎవరి జేబులోకి? దూరాన హైదరాబాదులోనో, కువైటులోనో, అమెరికాలోనో ఉన్న బిడ్డలకు నా మనవి ఒకటే. డబ్బు పంపి ఊరుకోకండి. ఫోను అమ్మ చేతికే ఇమ్మనండి, పక్కింటివారి నంబరు కూడా ఒకటి ఉంచుకోండి. ఎన్నిసార్లు చేసినా నిద్రపోతోందనే జవాబు వస్తే బయలుదేరి రండి. వృద్ధుల కోసం కేంద్ర ప్రభుత్వపు ఎల్డర్‌లైన్ 14567 ఉంది. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఎవరైనా చేయవచ్చు, ఖర్చు లేదు, ఇరుగుపొరుగువారు కూడా చేయవచ్చు. కొడుతున్నారని తెలిస్తే ఆలోచించకుండా 112కు చెయ్యండి.

జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపుగారు 2021లో అవ్వాతాతల, వృద్ధుల ప్రపంచ దినాన్ని నెలకొల్పారు. పునీత యోవాకీము, అన్నమ్మగారల పండుగకు దగ్గరగా జూలై నాలుగవ ఆదివారం జరుపుకుంటున్నాం. మన మేత్రాసనంలో చాలా విచారణల్లో ఆ రోజు శాలువాలు కప్పుతాం, ఫోటో తీయించి ఈ పత్రికకే పంపుతాం. తప్పు లేదు. అయితే గుడికి నడిచి రాగలిగినవారే ఆ ఫోటోలో ఉంటారు. మనం వెతకవలసినవాళ్ళు ఫోటోలో ఉండరు.

ఇంతవరకు దురాశ గురించి చెప్పాను. అన్నీ దురాశ వల్ల జరగవు. మతి తప్పిన తండ్రిని కూడా ఓర్పుతో చూడమని అదే జ్ఞానగ్రంథం 3వ అధ్యాయం చెబుతుంది. చెప్పినంత సులభం కాదది. మామగారు రాత్రంతా నిద్రపోడు, వీధిలోకి వెళ్ళిపోతాడు, పక్క తడిపి కోడలినే దొంగ అంటాడు. కొడుకు పొద్దున పనికి పోతాడు, చూసేది ఆ ఒక్క మనిషి. ఏడాది, రెండేళ్ళు అలా గడిచాక ఒకరోజు ఆమె చెయ్యి లేస్తుంది. లేదా మంచానికి కట్టేసి బజారుకు పోతుంది. అది పాపం కాదని అనను. కాని అక్కడ ఆర్డీవో కంటే ముందు చేరవలసింది వారానికి రెండు పూటలు వచ్చి కూర్చునే మనిషి. 1839 చలికాలంలో ఫ్రాన్సులో పునీత జాన్ జుగాన్ గారు కళ్ళులేని ఒక ముసలి వితంతువును మోసుకొచ్చి తన మంచం మీదే పడుకోబెట్టారు. పేదల చిన్న సహోదరీల సభ అక్కడే మొదలైంది. ఆ తొలిరోజున వారికి భవనం లేదు, నిధులు లేవు. మన మరియదళంలో పన్నెండుమంది ఉంటే వారానికి ఆరు ఇళ్ళకు ఇద్దరేసి వెళ్ళవచ్చు. ప్రార్థన చెప్పి లేచి రావడం కాదు. కోడలు గుడికో, డాక్టరు దగ్గరికో, ఊరికే పుట్టింటికో వెళ్ళి వచ్చేంతసేపు ఆ మంచం పక్కన ఉండడం.

ఆ తల్లి చివరి రెండేళ్ళు కూతురి ఇంట్లో గడిపింది. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇవ్వడానికి నేనే వెళ్ళాను. అంతకు ముందొకసారి క్షమాపణ అడిగాను కూడా. "మీరేం చేస్తారు ఫాదరుగారూ, మీకు ఆ రోజు వేరే పూజ ఉంది" అంది.

ఇప్పుడున్న విచారణలో మంచాన ఉన్నవారి జాబితాలో ఇరవై మూడు పేర్లున్నాయి. ఈ తపస్సు కాలం నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. దివ్యసత్ప్రసాదం ఇచ్చాక, పది నిమిషాలు మమ్మల్ని వదలండి, తలుపు దగ్గరగా వెయ్యండి అని అడుగుతాను. పెద్దావిడలైతే ఉపదేశిగారి భార్య గాని, ఒక సిస్టరుగారు గాని కూర్చుంటారు. అడిగేవి మామూలు ప్రశ్నలే. తిన్నారా, పింఛను మీ చేతికే వస్తోందా, ఈమధ్య ఏదైనా కాగితం మీద వేలిముద్ర వేయించారా, ఎవరన్నా భయమా. మొదట్లో కొందరు ఇంటివాళ్ళు నొచ్చుకున్నారు. అన్ని ఇళ్ళలోనూ అడుగుతున్నామని తెలిశాక సర్దుకున్నారు. మొన్న రెండవ ఇంట్లో ముసలాయనతో మాట్లాడి నేను బయటికి వచ్చేసరికి కోడలు గుమ్మం పక్కన నిలబడి ఉంది. లోపలి మాటలు వింటోందేమో అనుకున్నాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, "ఫాదరుగారూ, నాతో కూడా ఒక పది నిమిషాలు మాట్లాడతారా?" అంది.